దండెం మీద ఇంటర్నెట్

మీ ఇంట్లో నెట్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే "ఏదో, నెట్టుకొస్తున్నాం" అనేవాణ్ణి. అందరూ జోకనుకుని నవ్వేవాళ్ళు. నేను చెప్పింది ఉన్నమాట. మా మూడో అంతస్తు దాకా దాన్ని నిజంగానే నెట్టుకురావలసి వచ్చేది.

మా అంటే మా అత్తవారింటి అని అర్థం. నేనుండేది అక్కడే. దీన్ని ఇల్లరికం అంటారని నాకు తెలుసు, కానీ నేను చేసే అల్లరికి మా ఆవిడ దాన్ని అల్లరికం అని మార్చింది. ఇంట్లో నలుగురం. నేను, మా ఆవిడ, అత్తయ్య, మావయ్య. ఈ కథ మావయ్యది.

మావయ్య తంతి ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. తంతి ఆఫీసంటే తన్నే ఆఫీసని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. పెళ్ళిచూపుల్లో ఆయన నావైపు చూసిన చూపుకి అది నిజమేనని ఖాయం చేసుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన జీవితమంతా టకటకమని మీట కొడుతూ ఊళ్ళ కబుర్లు ఊళ్ళకి పంపించారు తప్ప ఒక్కర్నీ ఏమీ అనలేదని. ఆయనకి ఉన్న ఒకే ఒక్క శత్రువు సముద్రాల అవతల ఉన్నాడు. ఆ శత్రువంటే ఆయనకి ప్రాణం.

ఆ శత్రువు సముద్రం ఒడ్డున ఓడలకి దారి చూపే ఒక దీపస్తంభం కాపలాదారు. అసలు పేరు పలకడం మా వల్ల కాక దీపాలాయన అని పిలుచుకునేవాళ్ళం. ఓ చదరంగం పత్రిక చివరి పేజీలో, పోస్టులో ఆడేవాళ్ళు కావాలన్న ప్రకటన చూసి వీళ్ళిద్దరూ ఒకరికొకరు దొరికారు. ఒక కార్డు మీద ఒక ఎత్తు రాసి పంపడం, జవాబు కోసం ఎదురుచూడడం. ఇక్కడ బంటు రెండు గళ్ళు ముందుకి జరగాలంటే ఓ ఓడ సముద్రం మొత్తం దాటాలి. మొదటి ఆట మొదలైనప్పుడు మా ఆవిడ ఉయ్యాల్లో ఉందట. ఆట అయిపోయేసరికి స్కూల్లో ఎక్కాలు చెబుతోందట.

అయిపోయింది అంటే మావయ్య ఓడిపోయారని. అదీ అసలు బాధ. అన్నేళ్ళుగా, అన్ని ఆటల్లో, ఆయన దీపాలాయన మీద ఒక్కసారి కూడా గెలవలేదు. అప్పుడప్పుడు డ్రా. మిగతాదంతా మట్టికరవడమే.

"ఒక్కసారి అల్లుడూ," అనేవారు, కాళ్ళు చాపుకుని కూర్చుని. "ఒక్కసారి వాడి రాజుని కట్టిపడేస్తే చాలు. ఆ తర్వాత వంద ఓడినా నాకు ఫరవాలేదు."

"ఒక్క ఆట కోసం ఇన్ని పాట్లా మావయ్యగారూ?"

"ఆట లేని పాట్లు నువ్వు పడట్లేదూ? నాకు కనీసం ఆటైనా ఉంది."

మా ఇంట్లో మాటల ఆటలో కూడా ఒకరికి ఇంకొకరు తీసిపోరు.

తర్వాత ఇంటికి కంప్యూటర్ వచ్చింది, దానితోపాటు మోడెమ్. తల లేని మొండెంలా ఉండే ఆ చిన్న పెట్టెని ఫోను తీగకి తగిలిస్తే, గొంతులో ఏదో అడ్డుపడిన కోడిలా కాసేపు అరిచి, గురకపెట్టి, చివరికి ప్రపంచాన్ని పట్టుకొచ్చేది. అత్తయ్య ఆ చప్పుడుకి చెవులు మూసుకునేది. మావయ్య మాత్రం పాట కచేరీకి వచ్చినవాడిలా తల ఊపేవారు. "మా టకటకే అల్లుడూ ఇది. కాకపోతే దీనికి జలుబు చేసింది."

ఫోను లైను ఒక్కటే. నెట్ కావాలంటే ఫోనుండదు, ఫోను కావాలంటే నెట్టుండదు. మావయ్య ఈమెయిల్లో ఎత్తు టైపు చేస్తుంటే, వంటింట్లోంచి అత్తయ్య వాళ్ళ చెల్లెలికి ఫోన్ చేద్దామని రిసీవరు ఎత్తేది. ఆవిడ ఎత్తగానే ఈయన ఎత్తు గాల్లో కలిసేది. "ఎత్తకే!" అని ఈయన, "ఎత్తుతా!" అని ఆవిడ. ఇంట్లో ఆట ఆడేది ఒక్కరే అయినా ఎత్తులు వేసేది ఇద్దరు.

ఆ రోజుల్లో నెట్ మీద పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఏదైనా వెతకాలంటే మనకంటే ముందు వెతికినవాళ్ళు పేర్చిపెట్టిన జాబితాలు చూసుకోవాలి. ఎవరికి వాళ్ళు సొంతంగా ఓ పేజీ పెట్టుకోవడం పెద్ద గొప్ప. మావయ్య కూడా చదరంగం మీద ఓ పేజీ పెట్టారు. అడుగున ఎంతమంది చూశారో చెప్పే మీటరు తిరుగుతుండేది. రోజూ పొద్దున్నే తనే ఆ పేజీ తెరిచి, అంకె ఒకటి పెరగడం చూసి, "ఇంకొకరు వచ్చారే!" అని అత్తయ్యకి చెప్పి మురిసిపోయేవారు. ఆ వచ్చినాయన ఆయనేనని చెప్పే ధైర్యం మాకెవరికీ లేదు. మధ్యాహ్నం మేం కూడా ఒక్కొక్కరం వెళ్ళి మీటరు తిప్పి వచ్చేవాళ్ళం.

ఇంతలో ఆయన మోకాలికి ఆపరేషన్ అయింది. డాక్టరు నడవమన్నాడు. ఈయన ఇంట్లో నడిచేవారు, మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవారు. "మూడంతస్తులు దిగడం ఓ ఎత్తు, ఎక్కడం ఓ ఎత్తు," అని వెనక్కి తిరిగేవారు. అలా ఆయన ప్రపంచం కిటికీకీ కంప్యూటరుకీ మధ్య సర్దుకుంది. అందుకే, కింద జిరాక్సు బాబాయి షాపులోకి కొత్తరకం నెట్ వచ్చిందనగానే మొదట ఎగిరింది ఆయనే, మోకాలితో సహా.

మా బిల్డింగు గురించి చెప్పాలి. అది రెండు ముక్కలు. వీధి వైపు ఒకటి, వెనకాల ఒకటి, మధ్యలో ఖాళీ ఆవరణ. వీధి వైపు ముక్క కింద జిరాక్సు బాబాయి షాపు. లోకంలో ఉన్న ప్రతిదానికీ రెండో కాపీ తియ్యగల మనిషి, తనకి మాత్రం ఒకే ఒక్క చొక్కా ఉన్నట్టుండేవాడు. ఫోన్లో మాట్లాడుతున్నా తెగని నెట్ ఆయన తెప్పించాడు. దాన్ని బిల్డింగులో అందరికీ పంచుతానన్నాడు. పంచడానికి తీగ లాగాలి. షాపులోంచి నీళ్ళ గొట్టం పక్కనే రెండో అంతస్తు దాకా ఎక్కించడం సులువే. అక్కణ్ణుంచి ఆవరణ దాటించి వెనక ముక్కకి ఎలా తేవాలి?

జవాబు అప్పటికే ఆవరణ మీద వేలాడుతోంది. మా కింద రెండో అంతస్తులో ఉండే దుప్పట్ల పిన్ని దండెం. పిన్ని ఓ లాడ్జికి దుప్పట్లు ఉతికిస్తుంది. ఆవిడ బాల్కనీ నుంచి ఎదురు ముక్క దాకా లావుపాటి తాడు, దాని మీద ఎప్పుడూ బారుగా దుప్పట్లు. అందరం సమావేశమై, ఆ తాడుకే నెట్ తీగని చుట్టేద్దామని తీర్మానించాం. తాడో పేడో తేల్చుకోవడం అంటారే, మేం తాడే తేల్చుకున్నాం.

అలా మా ఇంటర్నెట్ దండెమెక్కింది. ఆ దండేనికి మేమందరం దండం పెట్టాం.

వారం తిరక్కుండానే యుద్ధం మొదలైంది. రోజూ పొద్దున పదీ పదకొండు మధ్య నెట్ పోయేది. అందరూ కిటికీల్లోకి పరిగెత్తేవాళ్ళు. చూస్తే పిన్ని బాల్కనీలో తడి దుప్పటి విదిలించి తాడు మీద వేస్తూ కనిపించేది.

"పిన్నిగారూ! మళ్ళీ బరువేశారా! నెట్ పోయింది!"

"నేనిప్పుడేగా వచ్చాను! నెట్ పోతే నన్నంటారేంటి? నా దుప్పట్లు మీ నెట్‌ని తిన్నాయా?"

"తడి బరువుకి తీగ సాగిపోతోందండీ!"

"సాగిపోయేది మీ నాలుక!"

మేం అరవడం, ఆవిడ మూతి ముడుచుకుని బారంతా ఆరెయ్యడం, కాసేపటికి నెట్ రావడం. అరిస్తేనే వచ్చిందని మా నమ్మకం. ఉతికేవాళ్ళకీ వెతికేవాళ్ళకీ మధ్య ఆ గొడవ ఏడాది పాటు సాగింది. పిన్ని మాతో మాట్లాడ్డం తగ్గించి, ఆ మాటలన్నీ దుప్పట్లని బాదడంలో వాడేది.

ఇలా ఉండగా మావయ్యకి ఒక చదరంగం సైటు కనిపించింది. కార్డులూ లేవు, ఈమెయిలూ లేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నట్టే ఆడొచ్చు. ఇద్దరికీ చెరో గంట, పక్కనే గడియారం. దీపాలాయన దీపానికి ఎప్పుడో యంత్రం పెట్టేశారట, ఆయన కూడా ఇంట్లో కూర్చుని ఖాళీగా ఉన్నాడు. ఆదివారం పొద్దున ఆట అని ఇద్దరూ కుదుర్చుకున్నారు.

మావయ్య బెంగంతా గడియారం గురించే. "ఆట మధ్యలో నెట్ పోతే నా టైము పరిగెడుతూనే ఉంటుంది అల్లుడూ. టైమైపోతే ఓడినట్టే. అదీకాక, అవతలివాడు పోయాడు గెలుపు నాకివ్వండి అని నొక్కడానికి ఓ మీట కూడా ఉంది."

"ఆయన నొక్కుతాడంటారా?"

"నేనైతే నొక్కుతాను," అన్నారు మావయ్య నిజాయితీగా.

శనివారం సాయంత్రం మా ఆవిడ నాయకత్వంలో ఓ బృందం పిన్ని దగ్గరికి వెళ్ళింది. ఆ ఒక్క పూటకీ దండెం ఖాళీగా ఉంచమని అడిగాం. కసురుకుంటుందనుకున్నాం. పిన్ని క్లిప్పుల బుట్ట పక్కన పెట్టి, "పెద్దాయన ఆటకా? దానికి ఇంతమంది రావాలా? ఒక్క దుప్పటి కూడా ఉండదు, వెళ్ళండి," అంది. అంతేకాదు, ఆదివారం పొద్దున్నే తాడుని పొడిగుడ్డతో చివరిదాకా తుడిచింది కూడా. మిగతావాళ్ళు కూడా తమ తువ్వాళ్ళూ బనీన్లూ తీసేశారు. నెట్ తెచ్చుకున్నాక ఆ దండెం మొత్తం ఖాళీ అవడం, ఖాళీగా అలాగే ఉండడం, మేం చూడ్డం అదే మొదటిసారి. గిటారు తీగలా బిగిసి, తళతళలాడుతూ, అందంగా ఉంది.

మాకేం తెలుసు?

ఆట మొదలయ్యేటప్పుడు నెట్ కాస్త దగ్గింది గానీ నిలబడింది. మావయ్య తెల్లపావులు. కొత్త చొక్కా వేసుకుని, తల దువ్వుకుని కూర్చున్నారు.

"ఆయనకి మీరు కనపడరు నాన్నా," అంది మా ఆవిడ.

"నాకు నేను కనపడతానుగా," అన్నారాయన.

నాకు చదరంగం అంతంతమాత్రం. కానీ మావయ్య మొహం చదవడం వచ్చు. అరగంట దాటేసరికి ఆ మొహంలో వెలుగు మొదలైంది. మెల్లిగా నన్ను దగ్గరికి పిలిచి, గొంతు బాగా తగ్గించి, దీపాలాయన వింటాడేమో అన్నట్టు చెప్పారు.

"చూడు. వాడి రాజు మూలకి పోయి కూర్చున్నాడు. ముందు వాడి బంట్లే అడ్డం. ఇప్పుడు నా మంత్రిని తీసుకెళ్ళి రాజు పక్కనే పెడతాను."

"చంపేస్తాడుగా!"

"చంపాలి! ఏనుగుతోనే చంపాలి, వాడికి వేరే దారి లేదు. ఏనుగు పక్కకి వచ్చి కూర్చోగానే రాజుకి కదలడానికి గది ఉండదు. సొంత మనుషుల మధ్యే ఇరుక్కుంటాడు."

"నాలాగా," అన్నాను.

"నీకు తిండి పెడుతున్నాం. వాడికి నా గుర్రం పెడతాను. ఒక్క దూకు. ఆటకట్టు."

అత్తయ్య వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. మావయ్య ఊపిరి బిగబట్టి మంత్రిని పట్టుకుని రాజు పక్కన వదిలారు.

సరిగ్గా అప్పుడు తెర మీద అంతా బిగుసుకుపోయింది. మూలన ఎర్రగుర్తు. నెట్ పోయింది.

మంత్రి వెళ్ళిందో లేదో తెలీదు. దీపాలాయన ఏనుగు వేశాడో లేదో తెలీదు. తెలిసింది ఒక్కటే, అక్కడెక్కడో గడియారం నడుస్తోంది. మావయ్యకి మిగిలింది పావుగంట లోపే.

మా ఆవిడ కిటికీలోంచి అలవాటుగా అరిచింది. "పిన్నిగారూ! దుప్పట్లు!"

"ఏ దుప్పట్లమ్మా? కళ్ళు తెరిచి చూడు!" అంది కింద నుంచి పిన్ని, రెండు చేతులూ ఖాళీగా చూపిస్తూ. నిజమే, తాడు బోసిగా ఉంది. తిట్టడానికి ఎవరూ దొరక్కపోతే మనిషికి ఎంత భయం వేస్తుందో ఆరోజు తెలిసింది.

కింద ఆవరణలోకి జిరాక్సు బాబాయి వచ్చి తల పైకెత్తాడు. "నా షాపులో బాగానే ఉంది! పాస్‌వర్డ్ చెప్పండి, నేనిక్కణ్ణుంచి ఆ ఎత్తు వేసేస్తాను!"

మావయ్య నిటారుగా కూర్చున్నారు. "తంతి ఆఫీసు మనిషిని. రహస్యం నా నోట్లోంచి బయటికి రాదు."

"నాన్నా, అది చదరంగం పాస్‌వర్డ్!"

"ఏదైతేనేం? ఇవాళ అది చెబితే రేపు ఇంకోటి చెబుతాను."

అయితే ఇక మార్గం ఒక్కటే. పాస్‌వర్డ్ రాదు కాబట్టి అది ఉన్న తలకాయని షాపు దాకా తీసుకెళ్ళాలి. తలకాయ కింద మోకాలుంది. మోకాలి కింద మూడంతస్తులున్నాయి. మొదటి అంతస్తులో వస్తాదున్నాడు. వ్యాయామశాలలో బరువులెత్తడం నేర్పుతాడు.

"వస్తాదూ! వస్తావా?" అని అరిచాను.

"వస్తున్నా!" అని మెట్లు అదిరేలా వచ్చాడు. "దేన్నెత్తాలి?"

"మావయ్యని. ఆయన ఎత్తు వెయ్యాలంటే ముందు మనం ఆయన్ని ఎత్తాలి."

మావయ్య ఒద్దన్నారు. కోప్పడ్డారు. తర్వాత గోడ గడియారం వైపు చూసి, చేతుల కుర్చీలో కూర్చుని, "మెల్లిగా," అన్నారు. ముందు వస్తాదు, వెనక నేను. మెట్లు మొదలయ్యాయి. ఆ కంగారులోనూ నా నోరు ఊరుకోలేదు. "మావయ్యగారూ, నెట్ మన దగ్గరికి రాకపోతే మిమ్మల్ని నెట్ దగ్గరికి డౌన్‌లోడ్ చేస్తున్నాం."

"లోడు నేనేగా, డౌను మాత్రం చెయ్యకు," అన్నారాయన, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని.

రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మెట్లు మలుపు తిరిగే చోట ఓ కిటికీ ఉంది. ఆవరణ, దండెం, పక్కనే పిన్ని బాల్కనీ అక్కణ్ణుంచి స్పష్టంగా కనిపిస్తాయి. నాకు ఆయాసం వచ్చి అక్కడ కుర్చీ దించాం. కిటికీలోంచి చూస్తే పిన్ని బకెట్టు ముందు పెట్టుకుని ఓ తడి దుప్పటి పిండుతోంది.

"ఎలాగూ నెట్ పోయిందిగా," అంది నన్ను చూసి, తప్పు చేస్తున్నదానిలా. "లాడ్జిలో ఫుట్‌బాల్ జట్టు దిగింది బాబూ, దుప్పట్లన్నీ బురద. పొద్దుటి నుంచీ నానబెట్టే ఉంచాను, ఇంకాసేపుంటే వాసనొస్తాయి." అని దుప్పటిని తాడు మీద వేసింది. తాడు ఆ బరువుకి కాస్త కిందికి వంగింది.

పైనుంచి అత్తయ్య కేక. "వచ్చిందండోయ్! నెట్ వచ్చింది!"

మేం ముగ్గురం ఒక్కసారే, ఏడాది అలవాటు కొద్దీ, పిన్ని వైపు తిరిగి అరిచాం. "తియ్యండి! తియ్యండి! నెట్ వచ్చింది, బరువు తియ్యండి!"

పాపం, పిన్ని హడావిడిగా దుప్పటి లాగేసింది.

"పోయిందండీ!" అంది అత్తయ్య.

ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. పిన్ని చేతిలో దుప్పటి వైపు చూసింది. తాడు వైపు చూసింది. మళ్ళీ మెల్లిగా దుప్పటిని తాడు మీద వేసింది.

"వచ్చింది!"

తీసింది.

"పోయింది! ఏంటండీ ఈ దోబూచులాట!"

తర్వాత విప్పి చూస్తే తేలింది. తీగ లోపల ఎప్పుడో తెగి ఉంది. బరువుకి తాడు వంగితే తెగిన కొనలు ఒకదాన్నొకటి తాకుతున్నాయి, బరువు తీస్తే విడిపోతున్నాయి. ఆ పొద్దున ఖాళీ తాడు మీద కూడా అరగంట పైగా నిలబడిందంటే, కొనలు ఎలాగో అంటీ అంటనట్టు ఉండబట్టే. ఏడాది పొడుగునా పిన్ని ఆరిన దుప్పట్లు తీసిన ప్రతిసారీ నెట్ పోయింది. తడివి వేసిన ప్రతిసారీ వచ్చింది. మధ్యలో కిటికీలోంచి చూసి ఆవిడ మీద కేకలేసింది మేం. మా నెట్‌ని అన్నాళ్ళూ నిలబెట్టింది, మేం రోజూ తిట్టుకున్న ఆ దుప్పట్లే.

ఇదంతా ఆ నిమిషంలో మాకెవరికీ తెలీదు. తెలిసింది ఒక్కటే. బరువు కావాలి.

"పిన్నిగారూ, వెయ్యండి! ఉన్నవన్నీ వెయ్యండి!"

"ఏమన్నారు? మళ్ళీ అనండి!" అంది పిన్ని.

"వెయ్యమన్నాం తల్లీ!"

"ఇంకోసారి!"

ఏడాది బాకీ మరి. మూడోసారి బతిమాలాక, పిన్ని చెంగు బిగించి మొదలెట్టింది. ఫుట్‌బాల్ జట్టు దుప్పట్లు ఒకటి, ఇంకొకటి, మరొకటి, నీళ్ళు కారుతూ తాడెక్కాయి. నెట్ వస్తోంది గానీ మిణుకుమిణుకుమంటోంది. బరువింకా చాలట్లేదు. అప్పుడు ఎదురు ముక్కలోంచి ఎవరో కిటికీ కర్టెన్ పీకి బకెట్లో ముంచారు. ఇంకొకరు కాలిపట్టాలు. మా ఆవిడ పైనుంచి పరిగెత్తుకొచ్చి, నా కోటుని నిండా తడిపి పిన్ని చేతికిచ్చింది.

"అది పెళ్ళి కోటే!" అన్నాను కిటికీలోంచి.

"ఇన్నాళ్ళకి పనికొచ్చింది!" అంది.

జిరాక్సు బాబాయి షాపులోంచి ఎదురు అంతస్తుకి ఎగబాకి, తన ఒకే ఒక్క చొక్కా విప్పి, నీళ్ళలో ముంచి అటు చివర ఆరేసి, బనీనుతో నిలబడి సెల్యూట్ కొట్టాడు. అందరూ చప్పట్లు.

తాడు నవ్వుతున్న నోరులా వంగింది.

"నిలబడింది! నెట్ నిలబడింది!" అత్తయ్య గొంతు. "ఏవండీ, వాడు మీ మంత్రిని చంపేశాడండీ! ఏనుగొచ్చి పక్కన కూర్చుంది!"

మావయ్య కుర్చీలోంచి ఎగిరిపడ్డారు. "కూర్చుందా! టైమెంతుంది?"

"రెండు నిమిషాలు కూడా లేదు. ఇక్కడేదో రాశాడు కూడా. నువ్వు రా, నేను ఇక్కడే ఉన్నాను, అని."

ఆ మీట దీపాలాయన నొక్కలేదన్నమాట. గెలుపు చేతిలో పెట్టుకుని, అవతల ఖాళీ కుర్చీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నన్ను పైకెత్తండి," అన్నారు.

"అప్‌లోడుకి టైము చాలదు మావయ్యగారూ! అత్తయ్యగారికి చెప్పండి!"

అత్తయ్య జన్మలో మౌసు ముట్టుకోలేదు. కిటికీకి నోరు ఆనించి మావయ్య అరిచారు. "ఏమే! గుర్రం కనబడుతోందా? తెల్లది, కుడివైపు అంచున!"

"కనబడుతోంది!"

"దాని మీద బాణం పెట్టి నొక్కు!"

"బాణం ఎక్కడుంది? తెరంతా వెతుకుతున్నాను!"

"మౌసు కదుపు, కదుల్తుంది!"

"కదిలింది! అమ్మో, ఎటో పోయింది! ఆఁ, వచ్చింది. గుర్రాన్ని పట్టుకున్నాను!"

"వదలకు! ఎడమకి రెండు గళ్ళు, పైకి ఒకటి!"

"నా ఎడమా, మీ ఎడమా?"

"పెళ్ళై నలభై ఏళ్ళయింది, ఎడమ ఇద్దరికీ ఒకటే!"

"ముందు పైకెళ్ళనా, పక్కకెళ్ళనా?"

"ఎలా వెళ్ళినా ఫరవాలేదు, అక్కడికి చేరు!"

దుప్పట్ల నుంచి నీళ్ళు టపటపమని ఆవరణలో పడుతున్నాయి. వస్తాదు నా భుజం పట్టుకున్నాడు, అది వారం రోజులు నొప్పెట్టింది.

"వదిలేశాను," అంది అత్తయ్య. తర్వాత ఆవిడ గొంతు మెత్తగా వచ్చింది. "ఏవండీ... ఆట అయిపోయిందని వచ్చింది. తెల్లవాళ్ళు గెలిచారని రాసుంది. తెల్లవాళ్ళంటే మీరేనా?"

ఆ తర్వాత లేచిన కేకకి వీధిలో సైకిళ్ళు ఆగాయి. పిన్ని తడిచేతులతోనే చప్పట్లు కొట్టింది. అందరి మొహాల మీదా తుంపర్లు. మా ఆవిడ వెళ్ళి ఆవిణ్ణి కౌగిలించుకుంది. వస్తాదూ నేనూ కిటికీ ఊచలు పట్టుకుని చిన్నపిల్లల్లా గంతులేశాం. జిరాక్సు బాబాయి ఎదురుగా బనీనుతో డాన్సు చేశాడు. ఏడాది గొడవ ఎవరికీ గుర్తులేదు. గుర్తున్నవాళ్ళు కూడా లేనట్టే నటించారు.

గంతులయ్యాక వెనక్కి తిరిగితే కుర్చీ ఖాళీ.

"మావయ్యగారేరీ?"

వస్తాదు కుర్చీ కిందికి కూడా చూశాడు. అప్పుడు కింద నుంచి తలుపు తట్టిన చప్పుడు, మావయ్య గొంతు వినిపించాయి. "గెలిచానండీ! గుర్రంతో! ఆఁ, మంత్రిని ఇచ్చేసి!" ఇంకో తలుపు. "గెలిచానమ్మా, మా ఆవిడ వేసింది ఎత్తు!"

కుర్చీ ఎత్తుకుని పరిగెత్తాం. ఆయన ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగుతూ, ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఆట మొత్తం మొదటినుంచీ చెబుతున్నారు. విన్నవాళ్ళకి చదరంగం రాదు. అయినా నోరు తెరుచుకుని విన్నారు. మేం చేరేసరికి చివరి మెట్టు దిగి, ఆవరణలో దుప్పట్ల కింద నిలబడ్డారు. కొత్త చొక్కా మీద నీళ్ళు పడుతున్నాయి. ఆయన పక్కకి తప్పుకోలేదు. తల పైకెత్తి తాడు వైపు, పిన్ని వైపు, మా మూడో అంతస్తు కిటికీ వైపు చూస్తున్నారు.

"కూర్చోండి మావయ్యగారూ," అని కుర్చీ వేశాను.

"దాన్ని పైకి పట్టుకుపో," అన్నారు.

కిటికీలో అత్తయ్య కనిపించింది, కుడిచెయ్యి ఇంకా మౌసు పట్టుకున్నట్టే ముడిచి. "ఏవండీ! బాగా దెబ్బ కొట్టావు, ఇంకో ఆట ఆడదామా అంటున్నాడు! ఏం చెప్పమంటారు?"

మావయ్య మెట్ల వైపు చూశారు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచారు.

"ఆగమని చెప్పు. ఎక్కడానికి నాకు కాస్త టైము పడుతుంది."